కుల్లాయి ఎవరి టోపీ?

చిన్నప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మా అబ్బాయికి పద్యాలు నేర్పబోయి నేనే ఇరుక్కున్నాను. చాలామందికి కంఠతా వచ్చిన చాటువే:

కుల్లాయుంచితిఁ గోక సుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్
వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపఁగాఁ
జల్లా యంబలిఁ ద్రావితిన్ రుచులు దోసంబంచుఁ బోనాడితిన్
దల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుఁడన్!

విజయనగర రాజు ప్రౌఢదేవరాయల దర్శనం దొరక్క కన్నడదేశంలో పడిగాపులు పడుతూ చెప్పుకున్న గోడు ఇది అని మా మాస్టారు చెప్పేవారు. వెల్లుల్లి, నువ్వులపిండి, చల్ల అంబలి వాడికి బాగానే అర్థమయ్యాయి, నవ్వుకున్నాడు కూడా. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, కుల్లాయి అంటే టోపీ అంటున్నావు. టోపీ మసీదుకు వెళ్లేవాళ్లు కదా పెట్టుకునేది, శ్రీనాథుడు ఎందుకు పెట్టుకున్నాడు?" అన్నాడు. నిఘంటువు తీస్తే "కుల్లాయి: టోపీ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఈ మాట ఎక్కడిది? అసలు ఎవరి టోపీ ఇది?

తాళపత్రం:

అమ్మా, మీ అబ్బాయి ఆగవలసిన చోటే ఆగాడు. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ మాట దగ్గర ఒక్క విద్యార్థీ నన్ను ఆపలేదు, నేనూ ఆగలేదు.

మాట పారసీకంలోని కులాహ్. అక్కడా టోపీయే. తెలుగు నోటికి వచ్చేసరికి దానికి చివర "యి" మొలిచింది. దీర్ఘమైన "ఆ"తో మాట ముగియడం పాత తెలుగుకు రుచించదు. సంస్కృతపు మాట అయితే కురుచ చేసి ఊరుకుంది: సీతా సీత అయింది, మాలా మాల అయింది. పారసీకం మాటలకు మరో ఉపాయం చూసుకుంది: కులాహ్ కుల్లాయి అయింది, కబా కబాయి అయింది. కబా అంటే నిలువుటంగీ. ఈ రెండూ జంటగా తిరిగిన మాటలు. విజయనగరం కొలువుకు వెళ్లే పెద్దమనిషికి తలమీద కుల్లాయి, ఒంటిమీద కబాయి ఉండవలసిందే.

ఇక పద్యం చూడండి. శార్దూలం. యతి పదమూడో అక్షరం. మొదటి పాదంలో మొదటి అక్షరం "కు", పదమూడోది "కూ". అంటే పారసీకపు కుల్లాయికి సంస్కృతపు కూర్పాసంతో, అంటే అంగీతో, యతి కుదిరింది. ఒకటి ఆఫ్ఘన్ దేశపు హిరాత్ నుంచి వచ్చిన మాట, ఒకటి అమరకోశపు మాట. రెండూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చుని మైత్రి చేస్తున్నాయి. ప్రాస సంగతి ఇంకా తమాషా. కుల్లాయిలోని "ల్ల" రెండో అక్షరంగా పడింది కాబట్టి మిగిలిన మూడు పాదాలూ దానికి లోబడాలి: వెల్లుల్లి, చల్ల, తల్లి. అచ్చ తెలుగు వంటింటి మాటలు మూడూ ఆ టోపీ చెప్పినట్టు నడిచాయి. కొత్తగా వచ్చిన మాట, ఎబ్బెట్టుగా తోచే మాట అయితే ఎవరూ పద్యానికి పునాదిరాయిగా పెట్టరు. అప్పటికే అది వాడుకలో నలిగిన మాట.

ఒక జాగ్రత్త. ఇది చాటువు. నోటినుంచి నోటికి వచ్చినది. శ్రీనాథుడే చెప్పాడని ప్రమాణం చేసి చెప్పలేం. అయితే ఆయన పేరు మీద ఆ పద్యం కట్టినవాడికీ, విన్నవాళ్లకీ కుల్లాయి అంటే ఏమిటో వివరించవలసిన పని పడలేదన్నది మాత్రం ఖాయం.

సూదీదారం:

మాస్టారూ, నమస్తే. మాది కుట్టుపని చేసే కుటుంబం. నాన్నగారి మిషను చప్పుడులోనే నేను చదువుకున్నాను. బట్టల మాటలు వస్తే ఆగలేను, క్షమించాలి.

కూర్పాసం సంస్కృతం మాటే, కంచుకమూ అంతే. ఇవి కుట్టిన బట్టలే. కాబట్టి కుట్టిన బట్ట మన దేశానికి సుల్తానులతోనే వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు కుషాణుల బొమ్మలకే నిలువుటంగీలు ఉన్నాయి. కానీ దక్షిణాదిలో మర్యాద గల వేషం అంటే చుట్టుకునే బట్టే: పంచె, ఉత్తరీయం, చీర. కుట్టినది కూలికో, యుద్ధానికో, చలికో. ఆ వరస ఎప్పుడు తారుమారైంది, కుట్టిన అంగీ తొడుక్కున్నవాడే పెద్దమనిషి ఎప్పుడయ్యాడు అన్నదే అడగవలసిన ప్రశ్న. ఈ పద్యం ఆ మలుపులోనే నిలబడి ఉంది.

మా వృత్తిలో మాటలు చూడండి. దర్జీ పారసీకం. జేబు అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దాని పాత అర్థం మెడ దగ్గర అంగీకి ఉండే చీలిక. పైజామా పారసీకం: పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట. శాలువా, రుమాలు కూడా అక్కడివే. సూది, దారం, కత్తెర మాత్రం మనవి. పనిముట్లు ఇక్కడివి, కుట్టిన సరుకు పేర్లు అక్కడివి. నాకు ఇది ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

జేబు సంగతి వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. మన గణితంలోని "జ్యా" అనే మాటను అరబ్బులు "జీబ" అని రాసుకున్నారు. అచ్చులు రాయని లిపి కాబట్టి దాన్ని లాటిన్‌లోకి మార్చినవాళ్లు "జైబ్" అని చదివి, మెడ చీలిక, ఒడి అనే అర్థంలో "సైనస్" అన్నారు. ఇవాళ పిల్లలు బడిలో చదివే సైన్ అదే. జ్యా వెళ్లి జేబై తిరిగి వచ్చింది!

ఓరుగల్లు కోట:

అన్నీ బాగానే చెబుతున్నారు గాని అసలు విషయం దాటవేస్తున్నారు. పద్యంలో ఉన్నది వేడుక కాదు, ఏడుపు. "టోపీ పెట్టుకున్నాను, అంగీ తొడుక్కున్నాను, ఇంకా దయ రాలేదా" అంటున్నాడు. అంటే అది ఇష్టం లేని వేషమే కదా? 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడింది. స్వయంభూ ఆలయం నేలమట్టమైంది. ఇవాళ కోటలోకి వెళ్తే ఆ నాలుగు తోరణాలు తప్ప ఏముంది? ఊరి పేరే సుల్తాన్‌పూర్ అని మార్చారు. ఇంత జరిగాక వచ్చిన మాటలను "మైత్రి చేస్తున్నాయి" అని మురిసిపోతే ఎలా?

తాళపత్రం:

ఓరుగల్లు గారూ, మీరు చెప్పిన చరిత్రలో ఒక్క ముక్క కూడా నేను కాదనను. ఓరుగల్లు పడ్డాక సుల్తానులను ఎదిరించిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చదివినవాళ్లెవరూ కాదనలేరు. ప్రతాపరుద్రుడు బందీగా పోతూ నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడనీ, ఆ తరువాత అగ్రహారాలు పోయాయనీ, గుళ్లు పగిలాయనీ అందులో ఉంది. అది కన్నీళ్లతో రాసిన సంస్కృతం.

అయితే అదే శాసనం ఢిల్లీ పాలకుణ్ణి ఏమని పిలిచిందో గమనించారా? సురత్రాణుడు అంది. సుల్తాన్ అనే అరబ్బీ మాటను సంస్కృతంలోకి దించితే సురత్రాణ అయింది. విడదీస్తే సురులకు త్రాణం, అంటే దేవతలను కాపాడేవాడు! గుళ్లు పగలగొట్టాడని ఏ రాజును తిట్టారో అతడికే దేవతల రక్షకుడని అర్థం వచ్చే పేరు. ఎగతాళి కాదు, చెవికి దగ్గరగా ఉన్న మాట దొరికింది, వాడేశారు. ఇంకా విచిత్రం ముందుంది. 14వ శతాబ్దం సగానికి వచ్చేసరికి విజయనగర రాజులు తమ బిరుదాల్లో "హిందూరాయ సురత్రాణ" అని చెక్కించుకోవడం మొదలుపెట్టారు. హిందూ రాజులలో సుల్తాను అని. ఆ బిరుదును మూడు ముక్కలు చేయండి. "హిందూ" పారసీకుల నోట సింధు మారిన రూపం. "సురత్రాణ" అరబ్బీ సుల్తాను. మధ్యలో "రాయ" ఒక్కటే ఇక్కడిది. దాన్ని ఎవరూ వాళ్లమీద రుద్దలేదు. సుల్తానులతో కత్తి దూసి నిలబడిన రాజులే కోరి పెట్టుకున్నారు.

శ్రీనాథుడి ఏడుపు విషయం. ఆయన వెళ్లినది బహమనీ సుల్తానుల కొలువుకు కాదు, విజయనగరానికి. టోపీ పెట్టుకోకపోతే లోపలికి రానివ్వనిది ఏ నవాబో కాదు, విరూపాక్షుడి పేరు మీద సంతకం పెట్టే రాజు ఇంటి వాకిలి. ఆయన బాధ మతం బాధ కాదు, ఉక్క బాధ. ఉక్కపోత రోజున విజయవాడ కోర్టులో నల్లకోటు వేసుకుని చెమటలు కక్కే వకీలును అడగండి, ఈ పద్యం చెబితే వెంటనే కౌగిలించుకుంటాడు. ఆ కోటు అతడిమీద ఇవాళ ఏ తెల్లదొరా రుద్దడం లేదు. కోర్టు మర్యాద అది, అంతే.

ఓరుగల్లు కోట:

వకీలు పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నాను. "వకీలు" కూడా అరబ్బీయే అని మళ్లీ మొదలుపెట్టకండి.

తుంగభద్ర:

నేను హోస్పేట వాసిని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. హంపి గురించి రెండు ముక్కలు.

ఈ పద్యంలోని ప్రౌఢదేవరాయల కాలంలోనే, 1439లో, అహ్మద్ ఖాన్ అనే ఆయన కొలువు ఉద్యోగి హంపిలో మసీదు కట్టించాడు. శాసనం కన్నడంలో ఉంది. దాన్ని మసీదు అనలేదు, ధర్మశాల అన్నారు. పుణ్యం రాజుకు చెందాలని కట్టించాడు. చూడటానికి కూడా గుమ్మటం, మీనార్లు ఉండవు. చదునైన కప్పు, స్తంభాలు; అక్కడి మామూలు మండపాల్లాగే ఉంటుంది. తెలియనివాళ్లు ముందునుంచే వెళ్లిపోతారు. రాజు టోపీ అటునుంచి వచ్చింది, మసీదు స్తంభాలు ఇటునుంచి వెళ్లాయి.

నాలుగేళ్లకు, 1443లో, తైమూరు కొడుకు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్రజాక్ హిరాత్ నుంచి కాలికట్ మీదుగా ఇక్కడికి వచ్చాడు. నలభై స్తంభాల కొలువుకూటంలో రాజు పట్టు అంగీ తొడుక్కుని, మెడలో ముత్యాల పట్టెడతో కూర్చున్నాడని రాసుకున్నాడు. ఆ వేషాన్ని ఆయన వింతగా చూడలేదు. అలాంటివి చూసి వచ్చినవాడే కదా. రాజులకు కావలసింది కూడా అదేనని నాకు అనిపిస్తుంది. హిరాత్ నుంచి వచ్చినవాడు చూడగానే "ఇతడు రాజు" అని గుర్తుపట్టాలి. పైగా గుర్రాలు. పారసీక తీరపు హుర్ముజ్ రేవు నుంచి గుర్రం రాకపోతే విజయనగరం సైన్యం నడవదు. గుర్రాల బేరగాళ్లు, రౌతులు, రాయబారులు అందరూ ఆ ప్రపంచంవాళ్లే.

తాళపత్రం:

మంచి మాట గుర్తుచేశారు. హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి వ్యాపారాన్ని పొగుడుతూ శ్రీనాథుడు "హురుముంజి బలుతేజి హరులు" తెప్పించాడని చెప్పాడు. హురుముంజి అంటే హుర్ముజ్ రేవు. తేజి అంటే గుర్రం. పారసీకంలో తాజీ అంటే అరబ్బు అని అర్థం. అరబ్బు జాతి గుర్రం కాబట్టి తాజీ. మనవాళ్లు తేజి అన్నారు. తేజస్సు అనే మాట పక్కనే ఉంది కాబట్టి చెవికి ఇంకా బాగుంది. మన పాత రాతల్లో సుల్తానులను అశ్వపతులన్నారు, ఒడ్డెరాజులను గజపతులన్నారు, విజయనగరంవాళ్లను నరపతులన్నారు. ఎదుటివాడికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు వాడి దేవుడికన్నా ముందు వాడి గుర్రం కనబడింది.

అలాగని ప్రతి మాటనూ అటే తోయకండి. "దీనారటంకాలఁ దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల" అని అదే కవి ప్రౌఢదేవరాయలు చేసిన కనకాభిషేకం గురించి చెప్పుకున్నాడు. దీనారం చూడగానే అరబ్బు దేశం గుర్తుకొస్తుంది. కానీ అది రోమునుంచి గుప్తుల కాలానికే సంస్కృతంలోకి వచ్చి కూర్చుంది. ఇస్లాం పుట్టకముందు మాట.

చిన్నప్రశ్న:

ఎంత చెప్పారండీ! మా అబ్బాయికి సగం చెప్పాను, మిగతాది రేపు. వాడి కొత్త సందేహం: "టోపీ పెట్టుకుని మళ్లీ కోక ఎందుకు చుట్టుకున్నాడు? కోక అంటే అమ్మమ్మ కట్టుకునేది కదా?"

సూదీదారం:

కోక అంటే అప్పట్లో ఆడవాళ్ల చీరే కాదు, ఏ బట్టయినా కోకే. నడుముకు చుట్టుకున్న బట్ట అని మామూలుగా అర్థం చెబుతారు. నాకు మాత్రం ఎప్పటినుంచో ఒక అనుమానం ఉంది. మాస్టారు నవ్వకుండా వినాలి.

"కుల్లాయి ఉంచితి, కోక చుట్టితి." రెండూ వెంటవెంటనే. కులాహ్‌ను పారసీక, ఆఫ్ఘన్ దేశాల్లో ఒట్టిగా పెట్టుకోవడం ఒక పద్ధతి, దానిచుట్టూ పాగా చుట్టడం మరో పద్ధతి. మధ్యలో కోసుగా టోపీ కొన, చుట్టూ బట్ట. ఇవాళ కూడా పెషావర్ వైపు పెద్దల పాగాలు అలాగే కనిపిస్తాయి. అయితే శ్రీనాథుడు చుట్టిన కోక నడుముకు కాదేమో, ఆ కుల్లాయికేనేమో! తలమీద టోపీ, దానిమీద బారెడు బట్ట, ఒంటిమీద మహాకూర్పాసం. ఉక్క ఇంకా పెరిగింది కదా.

తుంగభద్ర:

నవ్వవలసిన పని లేదు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెజ్ కృష్ణదేవరాయలను దగ్గరనుంచి చూశాడు. తలమీద జరీ టోపీ, స్పెయిన్‌లోని గలీసియావాళ్ల శిరస్త్రాణంలాంటిది, దానిమీద సన్నని పట్టు గుడ్డ కప్పి ఉందని రాశాడు. కాళ్లకు చెప్పులు లేవట. టోపీమీద గుడ్డ ఉన్నట్టు సాక్ష్యం దొరికింది.

తాళపత్రం:

నవ్వలేదమ్మా. నిజానికి కాస్త సిగ్గుపడ్డాను. "ఉంచితి, చుట్టితి, తొడ్గితి" అని మూడు క్రియలు. తల, తల, ఒళ్లు అని చదివితే పైనుంచి కిందికి వరస సరిపోతుంది. తల, నడుము, ఒళ్లు అని చదివితే మధ్యలో కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. మీ చదువే బాగుంది. ఇన్నేళ్లూ పిల్లలకు నడుము అనే చెప్పాను.

పెన్నతీరం:

ఆలస్యంగా చూశాను. మీరంతా రాజుల తలలే చూస్తున్నారు. మా అనంతపురం జిల్లాకు రండి. కుల్లాయి నిఘంటువులో కాదు, రేషను కార్డుల్లో ఉంటుంది. నా తరగతిలో ఇద్దరు కుళ్ళాయప్పలు, ఒక కుళ్ళాయమ్మ, పక్క ఊళ్లో ఒక కుళ్ళాయిరెడ్డి. అందరూ హిందువులే.

నార్పల మండలంలో గూగూడు అనే ఊరు ఉంది. అక్కడ కుళ్ళాయిస్వామి. మొహర్రంలో లేచే పీరు. టోపీ పెట్టుకున్న స్వామి అని పేరుకు అర్థం చెబుతారు. పక్కనే ఆంజనేయస్వామి. మొహర్రం పది రోజులూ ఆంధ్రనుంచే కాదు, కర్ణాటకనుంచి కూడా జనం తరలివస్తారు. ఎక్కువమంది హిందువులే. మొక్కుకుంటారు, అగ్నిగుండం చుట్టూ తిరుగుతారు, చక్కెర చదివింపులు చేయిస్తారు. బిడ్డ పుడితే ఆ పేరు పెడతారు. మా మేనత్తకు పెళ్లయిన ఎనిమిదేళ్లకు కొడుకు పుట్టాడు. మేమంతా వాణ్ణి ఒరేయ్ కుళ్ళాయీ అనే పిలిచేవాళ్లం. పేరులో పారసీకం ఉందని వాడికి ఇవాళ నేను ఫోను చేసి చెబితే "అయితే దుబాయిలో పనికొస్తుందా బావా" అన్నాడు.

తాళపత్రం:

"చదివింపు" అన్నారు చూడండి, ఆ మాట మీద ఒక వ్యాసమే రాయవచ్చు. ఫాతిహా, అంటే ఖురాన్ మొదటి అధ్యాయం, చదవడాన్ని తెలుగు చేసి చదివింపు అన్నారు. పెళ్లిలో కట్నాలు చదివించడం మనకు ముందే ఉంది. పేరు పైకి చదివి ఇచ్చే కానుక. రెండూ ఒకే మాటలో ఒదిగిపోయాయి.

నూరుపూలు:

అందరికీ సలాం. నేను ముస్లిం కుటుంబంలో పుట్టిన తెలుగు ఉపాధ్యాయురాలిని. ఈ చర్చలో నాకు తమాషాగా తోచినది ఒకటుంది. మా ఇంట్లో కుల్లాయి అనే మాట ఎవరూ వాడరు. నమాజుకు మా నాన్న పెట్టుకునేది టోపీ. పారసీకపు మాట హిందువుల పేర్లలో ఉండిపోయింది, మా తలమీద మాత్రం టోపీయే మిగిలింది. పెన్నతీరం గారి మేనబావకు నా సలాములు.

మీరంతా అరబ్బీ, పారసీకం అని ఒక్క గాటన కడుతున్నారు. అక్కడే అసలు కథ ఉంది. మేం రోజూ వాడే మాటలు చూడండి. నమాజు, రోజా, దర్గా, పీరు, పైగంబరు. అన్నీ పారసీకమే. అరబ్బీలో నమాజు సలాత్, రోజా సౌమ్. ఇస్లాం పుట్టింది అరబ్బు నేలమీద, కానీ దక్కనుకు వచ్చింది పారసీకం మాట్లాడేవాళ్ల వెంట. అందుకే ప్రార్థన పేరు కూడా దారిలో మారిపోయింది. పీరు అంటే అసలు అర్థం ముసలివాడు, పెద్దాయన అనే. అంతకుమించి ఏమీ లేదు. మన "పెద్దలు" లాంటి మాటే.

ఇంకో గుర్తు చెబుతాను, తరగతిలో పిల్లలకు ఇది చెప్పడం నాకు సరదా. అరబ్బీలో "ద" జాతికి చెందిన ఒక బరువైన హల్లు ఉంది. పారసీకులకు అది పలకదు, జకారంగా పలుకుతారు. రమదాన్ రంజాన్ అయింది అందుకే. మన కచేరీల్లో, అంటే సర్కారు ఆఫీసుల్లో, వాడే మాటలు తీయండి: హాజరు, అర్జీ, రాజీ, కాజీ, ఫాజిలు. వీటన్నిటిలో "జ" ఉన్న చోట అరబ్బీలో ఆ బరువైన హల్లే. రోజూ ఉదయం బడిలో హాజరు పలికే ప్రతి తెలుగు పిల్లవాడూ ఆ మాట ఏ దారిన వచ్చిందో తెలియకుండానే సాక్ష్యం చెబుతున్నాడు.

చెన్నపట్నం:

నూరుపూలు గారి మాటకు మా వైపునుంచి ఒక తోడు. తమిళ ముస్లిములు నమాజు అనరు, తొళుగై అంటారు. ఉపవాసం నోన్బు. రెండూ అచ్చమైన తమిళం. కేరళ మాప్పిళ్లలు నిస్కారం అంటారు, అది నమస్కారమే. అక్కడ ఇస్లాం గుర్రం ఎక్కి రాలేదు, పడవలో వచ్చింది. మిరియాల బేరానికి వచ్చిన అరబ్బులు రేవుల్లో పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. వెంట దర్బారు లేదు, పారసీకం లేదు. పిల్లలకు తల్లి భాషలోనే దేవుణ్ణి చెప్పవలసి వచ్చింది.

మరొకటి. తమిళంలో కుల్లా అంటే టోపీయే. కుల్లా పోడుదల్ అంటే మోసం చేయడం. తెలుగులో టోపీ పెట్టడం అంటే కూడా అంతే కదా. టోపీ ఏ దేశానిదైనా చివరికి అది ఎదుటివాడి తలమీదికే చేరుతుంది.

ఓరుగల్లు కోట:

ఇది బాగుంది. నిజంగా కొత్త సంగతి. నూరుపూలు గారూ, ఒక ప్రశ్న, తప్పుగా అనుకోకండి. ఇన్ని మాటలు ఇటు వచ్చాయి సరే. అటు ఏమైనా వెళ్లిందా? గోలకొండవాళ్లు మన భాషను ఏం చేశారు?

నూరుపూలు:

తప్పేముందండీ. అడగవలసిన ప్రశ్నే.

ఇబ్రహీం కుతుబ్ షా 1550లో గద్దె ఎక్కకముందు అన్నగారి భయంతో ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు ఆయనకు బాగా వంటబట్టింది. రాజయ్యాక తెలుగు కవులను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కవులు ఆయన్ను ఏమని పిలిచారో తెలుసు కదా: మల్కిభరాముడు. మాలిక్ ఇబ్రహీం అనే పేరును పలికీ పలికీ చివర రాముణ్ణి తేల్చారు. సుల్తానును సురత్రాణ చేసిన చెయ్యే ఇది కూడా చేసింది.

ఇంకొకటి నాకు ఇంకా ఇష్టం. సంస్కృతం ఒక్క ముక్క లేకుండా అచ్చ తెలుగులో కావ్యం రాయాలనే పంతం మొదట పట్టినవాడు పొన్నెగంటి తెలగన. ఆ యయాతిచరిత్రను అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్. పటాన్‌చెరువు ప్రాంతపు దొర, ఇబ్రహీం కొలువులోవాడు. మన అచ్చతెనుగు తొలి కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్. మరి పారసీకం ఎరిగిన కొలువులో సంస్కృతం లేని తెలుగుకు ఎందుకు గిరాకీ వచ్చింది? సంస్కృతం అక్కడ గొప్పదనానికి గుర్తు కాదు కాబట్టి అని నా లెక్క. గొప్ప కోసం వాళ్లకు పారసీకం ఉంది. తెలుగు దగ్గరకు వచ్చినప్పుడు తెలుగే కావాలనుకున్నారు.

ఇదంతా వసంతకాలమని నేనూ అనను. అదే రామరాయలు 1565లో యుద్ధరంగంలో తల పోగొట్టుకున్నాడు. చేతులు కలిపి వచ్చిన సుల్తానుల్లో ఈ మల్కిభరాముడూ ఉన్నాడు. తెలుగు పద్యం విన్న చెవులే ఆ వార్తా విన్నాయి.

ఓరుగల్లు కోట:

ఆ చివరి వాక్యం మీరు రాయకపోయి ఉంటే నేను రాసేవాణ్ణి. మీరే రాశారు. ధన్యవాదాలు.

పెన్నతీరం:

అన్నట్టు తిరుమల సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. లోహపు విగ్రహాలు. వరసలో తోసుకుంటూ వెళ్తాం గాని తల పైకెత్తి చూస్తే రాయలవారి తలమీద కోసుగా నిలువెత్తు కుల్లాయి.

తుంగభద్ర:

అవును! ఒంటిమీద అంగీ మాత్రం లేదు. నగలు, నడుముకు పంచె, అంతే. కొలువులో ఉన్నప్పుడు కబాయి తొడుక్కున్న రాజు ఏడుకొండలవాడి ముందు కబాయి విప్పాడు గాని కుల్లాయి తీయలేదు. దాన్ని పరాయిది అనుకుని ఉంటే ముందు అదే తీసేవాడు.

తాళపత్రం:

ఆ మాట మీ అబ్బాయికి చెప్పండమ్మా, చిన్నప్రశ్న గారూ. ఎవరి టోపీ అని అడిగాడు కదా. ఈసారి కొండకు వెళ్లినప్పుడు చూపించండి.

చిన్నప్రశ్న:

తప్పకుండా. నిన్న రాత్రి మా అమ్మకు ఫోనులో ఇదంతా చదివి వినిపించాను. అంతా విని, "కుళ్ళాయి తెలియకపోవడమేమిటే, నీకు మూడో నెలలో చలికి ఊలుతో అల్లి పెట్టినది కుళ్ళాయే కదా, ఇప్పటికీ పెట్టెలో ఉంది" అంది. నాకు ఆ మాట తెలియకపోవడం కాదు, అదీ ఇదీ ఒకటేనని తట్టలేదు. కన్నడంలో కూడా పసిపిల్లల టోపీని కులావి అంటారని తుంగభద్ర గారు విడిగా చెప్పారు. రాజుల తలమీదనుంచి దిగి చంటిపిల్లల తలమీద స్థిరపడిందన్నమాట.

సూదీదారం:

నా కోక అనుమానం ఇంకా తేలలేదు. లేపాక్షిలో కప్పు మీద అచ్యుతరాయల కాలపు బొమ్మలున్నాయి కదా. తెల్లని నిలువుటంగీలు, పొడుగు టోపీలు పెట్టుకుని వరసగా నిలబడిన పెద్దమనుషులు. ఆ టోపీల చుట్టూ గుడ్డ చుట్టి ఉందా, టోపీ మీదే గీతలున్నాయా? నేను చిన్నప్పుడు చూశాను, గుర్తులేదు. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?

పెన్నతీరం:

హిందూపురంలో నా బావమరిది ఉన్నాడు. ఆదివారం వెళ్తున్నాను. మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి ఫోటోలు తీసుకొస్తాను. ముందు ఎవరైనా చెప్పండి, ఏ మండపంలో చూడాలి?

తుంగభద్ర:

నాట్యమండపం కప్పు. టార్చి తీసుకెళ్లండి, లోపల వెలుతురు తక్కువ.